1851 నేవీ రివాల్వర్: స్ప్రింగులు, ట్రిగ్గరు, మావయ్యగారి కమాను కట్టలు

శనివారం

గ్యారేజీ బల్ల మీద ఉన్నది 1851 కోల్ట్ నేవీ రివాల్వర్‌కి ఇటలీలో చేసిన నకలు. 36 కాలిబర్, ఏడున్నర అంగుళాల బారెల్, తిరిగే సిలిండరులో మందూ గుండూ పట్టే ఆరు చాంబర్లు. ట్రిగ్గర్ గార్డు, పిడి వెనక పట్టీ ఇత్తడివి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ముందున్నాయన దీన్ని బాగానే కాల్చినట్టున్నాడు కానీ ఎప్పుడూ విప్పినట్టు లేదు. స్క్రూ తలల్లో గాడులు కొత్తవాటిలా ఉన్నాయి.

దీనికి తూటాలు ఉండవు. చాంబర్ ముందు నుంచి బ్లాక్ పౌడర్ పోసి, సీసం గుండు పెట్టి, బారెల్ కింద ఉండే లీవరుతో దిగ్గొట్టాలి. వెనకవైపు నిపిల్ అనే సన్నటి గొట్టం మీద, కొడితే నిప్పు రేగే చిన్న రాగి క్యాప్ తొడగాలి. హ్యామరు క్యాప్‌ని కొడితే నిప్పు నిపిల్ రంధ్రంలోంచి మందుకు అంటుకుంటుంది. మన పల్లెల్లో చూసిన నాటు తుపాకీ పద్ధతే, కాకపోతే ఆరుసార్లు.

ప్రస్తుతం దీని జబ్బులు మూడు. ట్రిగ్గరు బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం, ఐదున్నర పౌండ్లు, సుమారు రెండున్నర కిలోలు. బరువొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. వేలు నొక్కుతుంటే మధ్యలో ఒకచోట గరుగ్గా తట్టుకుని, ఆగి, మళ్ళీ జారుతోంది. గురి చెడేది అక్కడే. రెండోది, బారెల్‌ని ఆకాశం వైపు నిలబెట్టి హ్యామరు లాగితే సిలిండరు ఒక్కోసారి తిరగడం లేదు. నేల వైపు వంచి లాగితే చక్కగా తిరుగుతోంది. హ్యాండ్ అనే చిన్న వేలు సిలిండరు వెనక పళ్లను నెట్టి తిప్పుతుంది. దాన్ని ముందుకు తోసి పట్టుకునే స్ప్రింగు చచ్చుబడితే, బారెల్ పైకి ఉన్నప్పుడు ఆ వేలు తన బరువుకే వెనక్కి పడిపోతుంది. మూడోది, సిలిండరు మీద బోల్ట్ గీసిన గీత. బోల్ట్ అంటే సిలిండరు మీది గాడిలో పడి దాన్ని కదలకుండా పట్టుకునే ముక్క. గాడుల దగ్గర మాత్రమే ఉండాల్సిన గీత చుట్టూతా ఉంది.

అదే సిలిండరు మీద ఓడల బొమ్మలున్నాయి. 1843 మే 16న కాంపెచే దగ్గర టెక్సాస్ నౌకాదళం మెక్సికో ఓడలతో చేసిన యుద్ధం అది. ఆర్మ్స్‌బీ అనే చెక్కడం పనివాడు అచ్చు తీసిన ఆ బొమ్మనే కోల్ట్ తన నేవీ రివాల్వర్ల మీద వేయించాడు. నేను ఉండేది టెక్సాస్‌లోనే కాబట్టి ఈ మోడలే కొనాలని మొదటి నుంచీ ఉండేది. దీనికి మన వైపు సంబంధం కూడా లేకపోలేదు. కోల్ట్ 1853లో లండన్‌లో ఫ్యాక్టరీ పెట్టి ఈ నేవీలే చేయించాడు. 1857లో మన దేశంలో తిరుగుబాటును అణచడానికి దిగిన బ్రిటిష్ అధికారుల్లో కొందరి నడుముకు ఉన్నవి ఇవే.

చట్టం సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే దీని ఫోటో చూసిన ప్రతి తెలుగు స్నేహితుడూ అడిగేది అదే. అమెరికా ఫెడరల్ చట్టంలో ఇలాంటి క్యాప్ అండ్ బాల్ నకళ్లు పురాతన ఆయుధాల కింద లెక్క, మామూలు తుపాకుల కిందికి రావు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీలో ఇదే వస్తువుకు మామూలు పిస్టలుకు కావలసిన పర్మిట్ కావాలి. ఎడిసన్‌లో ఉన్నవాళ్లు టెక్సాస్ వాడి మాట విని ఆర్డరు పెట్టకండి. ఇండియాలోనైతే ముందు నుంచి మందు కూరే తుపాకీకి కూడా లైసెన్సు తప్పదు.

ఆదివారం

విప్పడం. అన్నిటికంటే ముందు చాంబర్లన్నీ ఖాళీగా ఉన్నాయా, నిపిళ్ల మీద క్యాపులేమైనా మిగిలాయా అన్నది చూడాలి. ఇత్తడి కడ్డీ ఒకటి ప్రతి చాంబర్లోకీ దించి, అడుగు తగిలిన చప్పుడు విన్నాకే మిగతా పని.

హ్యామరును సగం మెట్టులో, అంటే సగం వెనక్కి లాగితే ఆగే చోట పెట్టి, బారెల్‌ని బిగించి ఉంచే వెడ్జ్ అనే పక్క చీలను నైలాన్ సుత్తితో తట్టి బయటికి తీశాను. లోడింగ్ లీవరును రెండు చాంబర్ల మధ్య గోడకు ఆనించి నొక్కితే బారెల్ దానంతటదే ముందుకు జారి వచ్చేసింది. తర్వాత సిలిండరు. వెనక పట్టీకి పైన రెండు స్క్రూలు, కింద ఒకటి. అవి తీస్తే పట్టీ, కర్ర పిడి ఊడి వస్తాయి, హ్యామరును ముందుకు కొట్టించే మెయిన్ స్ప్రింగు కనిపిస్తుంది.

స్క్రూడ్రైవర్ గురించి ఒక మాట. ఇంట్లో వాడేవాటి కొస వాలుగా ఉంటుంది. అది గాడి అడుగుకు అందకుండా పైఅంచుల్ని పట్టుకుని చీల్చేస్తుంది. కొస రెండు వైపులా సమాంతరంగా ఉండే డ్రైవర్లు కావాలి. ఇటలీ స్క్రూల గాడులు మరీ సన్నం. నేను ఒక డ్రైవర్ కొసను ఆకురాయితో రాసి, గాడిలో బిగుతుగా కూర్చునేలా చేసుకున్నాను. పాత తుపాకీ కొనేటప్పుడు నేను మొదట చూసేది స్క్రూ తలలే. అవి చెడి ఉంటే ముందువాడి చేతివాటం ఏపాటిదో లోపల చూడక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

మెయిన్ స్ప్రింగు కింది స్క్రూ చాలావరకు వదులు చేసి, స్ప్రింగు పైకొసను హ్యామరు వెనకనున్న రోలరు మీంచి పక్కకు తప్పించాను. ఆ తర్వాత ట్రిగ్గర్ గార్డుకు మూడు స్క్రూలు. గార్డు తీయగానే దాని లోపల ఏళ్ల నాటి మసి, ఎండిన గ్రీజు, పగిలిన రాగి క్యాపుల ముక్కలు కనిపించాయి. ఒక ముక్క సరిగ్గా బోల్ట్ కింద ఇరుక్కుని ఉంది. సిలిండరు చుట్టూ గీత ఎందుకు పడిందో సగం జవాబు అక్కడే దొరికింది.

అడుగున రెండు కాళ్ల బల్లపరుపు స్ప్రింగు ఒకటే స్క్రూ మీద నిలబడి ఉంటుంది. ఒక కాలు ట్రిగ్గరును, ఇంకో కాలు బోల్ట్‌ని నొక్కుతుంది. దాన్ని తీసి, ఫ్రేము పక్కనున్న మూడు స్క్రూలూ విప్పి ట్రిగ్గరు, బోల్ట్, హ్యామరు బయటికి తీశాను. హ్యాండ్ హ్యామరుతోపాటే వచ్చింది.

అన్నిటినీ వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగాను. బ్లాక్ పౌడర్ మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాలిలో తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తాయి. నూనె గుడ్డతో తుడిస్తే అవి పోవు, నీళ్లే వాటికి మందు. కడిగినవన్నీ అవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెట్టాను. మా ఆవిడ అవెన్ తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా మూసేసింది.

బుధవారం రాత్రి

రెండు కాళ్ల స్ప్రింగును భూతద్దం కింద పెట్టి చూశాను. కాళ్లు చీలే మొదట్లో తల వెంట్రుకంత గీత ఒకటి. పాలిష్ గీత అనుకుని గోరుతో గీకాను. గోరు పట్టుకుంది.

మావయ్యగారు సెలవులకు మా ఇంట్లోనే ఉన్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. తుపాకీ అంటే ఆయనకు పడదు. “ఇదేం సరదా బాబూ, ఇంట్లో పిల్లలున్నారు” అని మొదటి రోజే అన్నారు. రాత్రి భోజనాలయ్యాక మంచినీళ్ల గ్లాసుతో గ్యారేజీలోకి వచ్చి, భూతద్దం అడిగి తీసుకున్నారు.

“పగులే. ఇవాళ కాకపోతే రేపు విరుగుతుంది.”

“ఇంత చిన్న స్ప్రింగు మీద అంత బరువేముంది మావయ్యగారూ?”

“బరువు కాదండీ. ఆకురాయి గీతలు ఎటున్నాయో చూడండి. అడ్డంగా ఉన్నాయి. మా డిపోలో బస్సుల కింద కమాను కట్టలు కూడా ఇలాగే పోయేవి. పట్టీ మీద అడ్డంగా ఒక్క గాటు పడిందంటే, గుంతల రోడ్డు మీద సరిగ్గా అక్కడే విరుగుతుంది. గీతలు నిలువుగా ఉండాలి, పొడుగునా.”

స్ప్రింగు వంగిన ప్రతిసారీ పైపొర సాగుతుంది. ఆ సాగే దిక్కుకు అడ్డంగా గీత ఉంటే ఒత్తిడంతా దాని అడుగున పోగై పగులుగా తెరుచుకుంటుంది. నిలువు గీతకు ఆ బాధ లేదు. బస్సు కమానుకైనా, బొటనవేలంత లేని ఈ ముక్కకైనా ఒకటే లెక్క.

దీని బదులు తీగ స్ప్రింగు తెప్పించాను. గట్టి స్ప్రింగు తీగను రెండు కాళ్లుగా వంచి, మధ్యలో స్క్రూ కోసం చుట్ట తిప్పింది. ఈ మోడల్ వాడేవాళ్లలో చాలామంది చివరికి దీనికే వస్తారు. బల్లపరుపు స్ప్రింగు కొంచెం వంగడానికే చాలా బలం అడుగుతుంది, అందుకే ట్రిగ్గరు బిగుసుకుంటుంది, అందుకే విరుగుతుంది కూడా. తీగలో ఆ వంపు పొడుగునా పంచుకుపోతుంది. ఒక కాలును చేత్తో కాస్త వంచి, రెండో కాలును ముట్టుకోకుండా ఒత్తిడి సరిచేసుకోవచ్చు. నాకు నచ్చింది అదే. ట్రిగ్గరు వైపు కాలును మెత్తగా, బోల్ట్ వైపు కాలును మొదట ఉన్నంత గట్టిగా ఉంచాను. బోల్ట్ గాడిలో నమ్మకంగా పడాలి, అక్కడ బేరం లేదు.

శనివారం, ఉదయం నుంచి

ఈ రోజంతా ట్రిగ్గరు కొసతోనే సరిపోయింది.

హ్యామరు అడుగున రెండు మెట్లుంటాయి. మొదటిది లోతైన సగం మెట్టు. మందు కూరేటప్పుడు సిలిండరు స్వేచ్ఛగా తిరగడానికి హ్యామరును అక్కడ ఆపుతారు. రెండోది పూర్తి మెట్టు, పేల్చడానికి. ట్రిగ్గరు పైకొస ఆ మెట్టులో కూర్చుంటుంది, నొక్కితే జారిపోతుంది. గరుకు ఉన్నది ఆ జారే చోటే.

నల్ల మార్కరుతో ట్రిగ్గరు కొసకు, పూర్తి మెట్టుకు రంగు పూసి, స్ప్రింగులు లేకుండా ఫ్రేములో బిగించి, హ్యామరును బొటనవేలితో నొక్కిపట్టి ట్రిగ్గరు వదిలాను. తీసి చూస్తే కొస వెడల్పులో మూడో వంతు మాత్రమే రంగు చెరిగింది, అదీ ఒక మూలకే. బరువంతా ఆ మూల ఒక్కటే మోస్తోంది. మెట్టు అంచు మీద యంత్రం కోసిన చోట సన్నటి రెక్కలాంటి లోహం మిగిలి ఉంది. వేలికి తట్టింది అదే.

ఇక్కడ దురాశ పనికిరాదు. హ్యామరు పైపొర మాత్రమే గట్టిది, లోపల మెత్తటి ఇనుము. పైపొర దాటి రాయి దిగిందంటే మొదటి వారం ట్రిగ్గరు వెన్నలా ఉంటుంది. తర్వాత మెట్టు అరిగిపోయి హ్యామరు తనంతట తనే పడుతుంది. అందుకని హ్యామరు వైపు ఆ రెక్కను మాత్రం తీసేశాను, మెట్టు లోతు గానీ కోణం గానీ మార్చలేదు. మిగతా పనంతా ట్రిగ్గరు కొస మీదే. అది పోయినా ఇంకోటి కొనుక్కోవచ్చు.

రాయి అర్కాన్సాస్‌లో హాట్ స్ప్రింగ్స్ దగ్గర తవ్వే తెల్ల సానరాయి. చాలా నెమ్మదిగా కోస్తుంది, ఈ పనికి కావలసింది ఆ నెమ్మదే. ట్రిగ్గరును చిన్న వైస్‌లో రాగి రేకుల మధ్య బిగించి, కొసకు ఇప్పుడున్న కోణంలోనే రాయి ఆనించి, ఒకే దిక్కుకు లాగాను. ముందుకూ వెనక్కూ రుద్దితే అంచు గుండ్రమవుతుంది. ఇక్కడ అంచు పదునుగా, నిటారుగా ఉండాలి, ముఖం మాత్రం అద్దంలా. కాసేపు లాగడం, తుడవడం, మళ్ళీ రంగు పూయడం, బిగించడం, చూడడం. ఈ తిరగలి పనికి విసుగు వచ్చినవాళ్లు అక్కడే లేచి టీ తాగడం మంచిది. మధ్యాహ్నానికి రంగు వెడల్పంతా సమంగా చెరగడం మొదలైంది. అక్కడితో ఆపేశాను. లోహం ఎంత పోయిందంటే రాయి మీద బూడిద రంగు మరక, అంతే.

కోణం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. ట్రిగ్గరును మెల్లగా నొక్కుతూ హ్యామరు వీపును పక్కనుంచి చూడాలి. అది కదలకుండా ఉండి చటుక్కున పడితే సరే. రవ్వంత వెనక్కి జరిగి పడితే ఇంకా భద్రం, కాకపోతే ట్రిగ్గరు కొంచెం బరువు. నొక్కుతుండగానే హ్యామరు ముందుకు పాకుతుంటే మాత్రం ఆ తుపాకీలో మందు పోయకూడదు. నాది కదలడం లేదు.

రెండో పరీక్ష బొటనవేలిది. హ్యామరును పూర్తిగా లాగి, ట్రిగ్గరు ముట్టుకోకుండా, వెనకనుంచి హ్యామరును బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టాలి. మెట్టు పట్టు వదలకూడదు. దీన్ని ఈ రోజు పూట పూటకీ చేశాను, ఇకముందు కాల్చడానికి వెళ్లే ప్రతిసారీ చేస్తాను.

ట్రిగ్గరును ఎంత తేలిక చేయాలన్నది చాలామంది ఇష్టం అంటారు, నా దృష్టిలో దానికొక కింది హద్దు ఉంది. కాల్చినప్పుడు వేలు తొందరగా వదిలితే పడుతున్న హ్యామరు తాలూకు సగం మెట్టు పెదవి ట్రిగ్గరు కొసను కొట్టుకుంటూ పోతుంది. మరీ తేలికైన ట్రిగ్గరు మీద వేలు చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి ఆ దెబ్బలు ఎక్కువ. కష్టపడి రాసిన కొస నాలుగు రోజుల్లో చితికిపోతుంది. మూడు పౌండ్ల కిందికి వెళ్లే ఉద్దేశం నాకు లేదు.

ఆదివారం

హ్యాండ్ స్ప్రింగు. మొత్తం పనిలో చిన్నదిదే, చిరాకైనదీ ఇదే. హ్యాండ్‌కు వెనకవైపు సన్నటి గాడి ఉంటుంది. అందులో రేకు స్ప్రింగును దూర్చి, గాడి అంచుల్ని కొట్టి మూసేస్తారు. కొత్త హ్యాండ్ స్ప్రింగుతో సహా దొరుకుతుంది కానీ అది కావాలని పొడుగ్గా చేసి పంపుతారు. మన తుపాకీకి తగ్గట్టు రాసుకుంటూ పొట్టి చేసుకోవాలి. పొడుగుంటే హ్యామరు మెట్టు ఎక్కకముందే సిలిండరు బిగుసుకుంటుంది. ఒక్క గీటు ఎక్కువ రాస్తే సిలిండరు గాడిదాకా రాకుండా ఆగుతుంది, ఇక ఆ ముక్క చెత్తబుట్టకే. కోల్ట్ భాగాలన్నీ ఒకదానికొకటి మార్చుకోవచ్చని 1851 లండన్ ప్రదర్శన నాటినుంచీ ప్రచారం ఉంది. హ్యాండ్, బోల్ట్ విషయంలో మాత్రం ఆనాడూ చేత్తో సరిపెట్టారు, ఈనాడూ అంతే.

నా హ్యాండ్ పొడుగు బాగానే ఉంది, చచ్చింది స్ప్రింగే. కాబట్టి స్ప్రింగు ఒక్కటే మార్చాలనుకున్నాను. గాడి అంచును సన్నటి ఉలితో తెరిచి పాత రేకు లాగేశాను. కొత్త రేకుకు ఈ సరదా ఉన్నవాళ్లు వాడే చిట్కా ఒకటుంది. ఆడవాళ్లు తలలో పెట్టుకునే నల్ల స్లైడు. అది మంచి స్ప్రింగు స్టీలే, మందం కూడా సరిపోతుంది. డ్రెస్సింగ్ టేబుల్ మీంచి ఒకటి తెచ్చి, నల్లపూత గీకి, అంచులను మావయ్యగారు చెప్పినట్టు పొడుగునా ఎమరీ కాగితంతో నున్నగా చేసి, కొంచెం విల్లులా వంచి గాడిలో దూర్చాను. ఆ తర్వాత చిన్న పంచ్‌తో గాడి అంచును కొట్టాలి. రేకు వణకకూడదు, హ్యాండ్ వంగకూడదు. హ్యాండ్‌ను మావయ్యగారు పట్టకారుతో పట్టుకున్నారు, దెబ్బ నేను వేశాను. ఆయన చెయ్యి ఇప్పటికీ వణకదు.

ఇప్పుడు బారెల్ ఎటు తిప్పి లాగినా సిలిండరు తిరుగుతోంది.

మిగిలింది బోల్ట్ టైమింగు. హ్యామరు లాగడం మొదలవగానే బోల్ట్ గాడిలోంచి కిందికి దిగాలి. సగం మెట్టులో పూర్తిగా దిగి ఉండాలి. ఆ తర్వాత హ్యామరు పక్కనున్న కామ్ గుబ్బ మీంచి దాని కాలు జారి, తర్వాతి గాడికి ముందున్న వాలులో పైకి లేవాలి. వాలులోకి కాకుండా ముందే లేస్తే సిలిండరు చుట్టూ గీస్తుంది. క్యాపు ముక్క తీసేశాక సగం బాగుపడింది. మిగతా సగానికి బోల్ట్ తల అంచులు కొంచెం నున్నగా రాస్తే సరిపోయింది. కాలు పొడుగు ముట్టుకోలేదు. దాన్ని తగ్గిస్తే బోల్ట్ ఇంకా ముందే లేస్తుంది, అప్పుడు గీత ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

అన్నీ బిగించి ట్రిగ్గరు బరువు కొలిచే గేజు పెట్టాను. మూడుంపావు పౌండ్లు. తట్టుకోవడం లేదు. మెయిన్ స్ప్రింగు మాత్రం పాతదే.

మరుసటి శనివారం, రేంజిలో

ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఈ రోజుదే. ట్రిగ్గరు తేలిక చేయమంటే మొదట అందరూ చెప్పే సలహా మెయిన్ స్ప్రింగు పలచబరచమని. తూటాల రివాల్వర్‌లో అది మంచి సలహానే. మెయిన్ స్ప్రింగు మెట్టు మీద వేసే బరువు తగ్గితే ట్రిగ్గరు తేలికవుతుంది, హ్యామరు లాగడమూ సుఖం. క్యాప్ అండ్ బాల్‌లో మాత్రం మెయిన్ స్ప్రింగుకు ఇంకో ఉద్యోగం ఉంది. మందు పేలినప్పుడు ఒత్తిడిలో కొంత నిపిల్ రంధ్రంలోంచి వెనక్కి తంతుంది. పేలిన క్యాపును నిపిల్ మీదే నొక్కిపట్టేది హ్యామరు, హ్యామరును నొక్కిపట్టేది మెయిన్ స్ప్రింగు. అది బలహీనమైతే హ్యామరు వెనక్కి ఎగురుతుంది, క్యాపు రేకులు విచ్చుకుని ఊడుతుంది, ముక్కలు హ్యామరు సందులోంచి లోపలికి పడతాయి. గార్డులో నాకు దొరికిన ముక్కలు అలా చేరినవే.

అయినా మాట మీద నమ్మకం కంటే చూడడం మేలని, తేలిక రకం మెయిన్ స్ప్రింగు ఒకటి కొని రెండూ రేంజికి తీసుకెళ్లాను. బయట ఆరుబయలు రేంజి. పొగ వల్ల లోపలి రేంజిల్లో చాలాచోట్ల బ్లాక్ పౌడర్ రానివ్వరు. రెండిటికీ ఒకటే మోతాదు: మూడు ఎఫ్‌ల సన్నరకం మందు 20 గ్రెయిన్లు, 0.375 అంగుళాల గుండు, మధ్యలో తేనెమైనం, నువ్వుల నూనె కలిపి తడిపిన ఉన్ని బిళ్ల. పెట్రోలియం గ్రీజు ఈ మసితో కలిస్తే తారులా అంటుకుపోతుంది, అందుకే నువ్వుల నూనె. డబ్బా తెరిస్తే దీపారాధన వాసన, కాల్చాక దీపావళి వాసన.

ముందు తేలిక స్ప్రింగు. హ్యామరు లాగుతుంటే హాయిగా ఉంది, గేజు రెండున్నర పౌండ్లు చూపించింది. కాల్చడం మొదలుపెట్టాక ఆ హాయి ఎంతోసేపు లేదు. పేలిన వెంటనే హ్యామరు వెనక్కి తన్నుకుని మళ్ళీ పడడం బొటనవేలికి తెలుస్తోంది. కాసేపటికి క్యాపు చీలి, ఒక రేకు హ్యామరుకు ఫ్రేముకు మధ్య సందులో పడింది, సిలిండరు బిగుసుకుంది. బారెల్ లక్ష్యం వైపే ఉంచి, కాసేపు ఆగి, మిగిలిన క్యాపులు ఒక్కొక్కటే ఊడదీసి, ముక్కను పట్టకారుతో లాగాను.

పాత స్ప్రింగు బిగించాక మధ్యాహ్నం వరకు ఆ గోల లేదు. క్యాపులు చీలుతున్నాయి కానీ నిపిల్ మీదే ఉంటున్నాయి. హ్యామరు లాగేటప్పుడు మాత్రం బారెల్ పైకెత్తి లాగాను, ముక్క ఏదైనా ఊడితే వెనక్కి, బయటికి పడిపోతుందని. హ్యాండ్ స్ప్రింగు మార్చకముందు బారెల్ పైకెత్తితే సిలిండరే తిరిగేది కాదు కాబట్టి ఈ చిన్న ఉపాయానికి కూడా హ్యాండ్ బాగుపడాల్సి వచ్చింది. ట్రిగ్గరు మూడుంపావు దగ్గరే ఉంది, గురికి అది చాలు. 25 గజాల్లో గుండ్లు ఇంతకుముందు పళ్లెమంత వెడల్పున పడేవి, ఇప్పుడు అరచేతిలో పట్టేటట్టు పడుతున్నాయి. ఎత్తు మాత్రం గురిపెట్టిన చోటికంటే పైనే. కోల్ట్ నేవీల్లో అది మామూలే, వెనక గురి హ్యామరు ముక్కు మీది గాడి. దాన్ని ఇప్పుడు కదిలించను.

“శబ్దం కంటే పొగే ఎక్కువుంది” అన్నారు మావయ్యగారు. మీరూ కాలుస్తారా అని అడిగితే వద్దన్నారు. స్ప్రింగుల డబ్బా మాత్రం కారెక్కేదాకా తన చేతిలోనే పెట్టుకున్నారు.

ఇంకా మిగిలినవి

హ్యామరు ముఖం మీద ఒక చిన్న గాడి ఉంది. సిలిండరు వెనక నిపిళ్ల మధ్యనుండే మేకుల మీద హ్యామరును ఆనించి ఉంచడానికి అది. పేలిన క్యాపు రాగి మెత్తబడి ఆ గాడిలోకి ఉబ్బి హ్యామరుతోపాటే వెనక్కి వస్తోంది. కొందరు ఆ గాడిని మెటల్ ఎపాక్సీతో పూడ్చేస్తారు. పూడిస్తే ఆ మేకులు పనికిరావు, ఐదే చాంబర్లు నింపి హ్యామరును ఖాళీ చాంబర్ మీద ఉంచుకోవాలి. నేనెలాగూ ఐదే నింపుతాను కాబట్టి పూడ్చేస్తాను.

తర్వాతది, ఫ్రేములో హ్యామరు దారికి అడ్డంగా సన్నటి పిన్ను ఒకటి దించడం. హ్యామరు వెనక్కి వెళ్లేటప్పుడు దానికి అంటుకొచ్చిన క్యాపు ఆ పిన్నుకు తగిలి రాలిపోతుంది. దానికి ఫ్రేములో రంధ్రం వేయాలి, హ్యామరు ముక్కులో చీలిక కోయాలి. డ్రిల్ ప్రెస్ ఉన్న స్నేహితుడు ఒప్పుకున్నాడు కానీ పండగ వెళ్లాకే అన్నాడు.

పగిలిన పాత స్ప్రింగును పారేయలేదు. మావయ్యగారు వంచి చూశారు, గీత ఉన్న చోటే టప్పున రెండు ముక్కలైంది. ఒక ముక్క ఆయన జేబులో ఉంది, ఊళ్లో పాత డిపో వాళ్లకు చూపిస్తారట.